మలుపులో బండిని నిలబెట్టే కడ్డీ: యాంటీ రోల్ బార్ పనితీరు, అమరిక, జాగ్రత్తలు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం నుంచి తెలుగునాడుకు రెండు దారులున్నాయి. ఒకటి హౌరా–చెన్నై రైలు మార్గం. రెండోది 16వ నంబరు జాతీయ రహదారి. రెండూ ఒడిశా తీరం మీదుగా శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడల వైపు సాగుతాయి. పట్టాలపై పరుగెత్తే రైలు పెట్టెకైనా, తారు రోడ్డుపై దూసుకుపోయే స్పోర్ట్స్ కారుకైనా మలుపు వద్ద ఎదురయ్యే చిక్కు ఒక్కటే. చక్రాలు మలుపు తిరుగుతాయి, పైనున్న శరీరం మాత్రం బయటి వైపు ఒరుగుతుంది. ఆ ఒరుగుదలను అదుపు చేసేందుకు ఇంజనీర్లు రెండు చోట్లా ఒకే సాధనాన్ని వాడుతున్నారు. అది ఒక ఉక్కు కడ్డీ.

దీనిని యాంటీ రోల్ బార్ అంటారు. స్వే బార్, స్టెబిలైజర్ బార్ అన్న పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. కంపెనీ బిగించిన కడ్డీని తీసివేసి, అంతకంటే మందమైన కడ్డీని విడిగా కొని కారుకు అమర్చుకునే అలవాటు స్పోర్ట్స్ కార్ల యజమానుల్లో చాలాకాలంగా ఉంది. చూడటానికి ఇది నాలుగైదు బోల్టుల పని. అయితే ఈ చిన్న మార్పు కారు మలుపు తిరిగే స్వభావాన్నే మార్చగలదు. సరిగా అమరితే బండి చెప్పినట్టు వింటుంది. లెక్క తప్పితే తడి రోడ్డుపై వెనుక భాగం జారి గింగిరాలు తిరుగుతుంది. అందుకే కడ్డీని బిగించే విధానం కంటే ముందు అది చేసే పనిని తెలుసుకోవడం అవసరం.

కడ్డీ స్వరూపం

యాంటీ రోల్ బార్ వంకర తిప్పిన స్ప్రింగు ఉక్కు కడ్డీ. దాని ఆకారం వెడల్పైన చతురస్రంలో మూడు పక్కలను పోలి ఉంటుంది. నడిమి భాగం కారుకు అడ్డంగా, ఒక చక్రం నుంచి మరో చక్రం వైపు సాగుతుంది. రెండు చివరలూ వంగి చేతుల్లా ముందుకో వెనక్కో చాచి ఉంటాయి. నడిమి భాగాన్ని కారు చట్రానికి రెండు చోట్ల రబ్బరు బుష్‌లతో, లోహపు పట్టీలతో బిగిస్తారు. చేతుల చివరలను లింక్ రాడ్లు అనే చిన్న ఊచల ద్వారా కుడి, ఎడమ చక్రాల సస్పెన్షన్ భాగాలకు కలుపుతారు.

రెండు చక్రాలూ ఒకేసారి ఒకే ఎత్తుకు లేస్తే కడ్డీ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, ఏ అడ్డూ చెప్పదు. వేగ నిరోధకాన్ని నేరుగా దాటినప్పుడు జరిగేది ఇదే. మలుపులో పరిస్థితి వేరు. శరీరం బయటికి ఒరగడంతో బయటి చక్రం పైకి నొక్కుకుంటుంది, లోపలి చక్రం కిందికి జారుతుంది. కడ్డీ ఒక చేయి పైకి, మరో చేయి కిందికి కదులుతాయి. తడి బట్టను పిండినట్టు నడిమి భాగం మెలిపడుతుంది. ఆ మెలికను విప్పుకోవడానికి ఉక్కు చేసే ప్రయత్నమే శరీరాన్ని తిరిగి నిటారుగా నెడుతుంది. అంటే యాంటీ రోల్ బార్ కూడా ఒక స్ప్రింగే. రెండు చక్రాల కదలికలో తేడా వచ్చినప్పుడే అది పనిచేస్తుంది.

దీనివల్ల డిజైనర్లకు గొప్ప వెసులుబాటు కలిగింది. ఒరుగుదలను తగ్గించడానికి ప్రధాన స్ప్రింగులను గట్టిగా చేస్తే ప్రయాణికుల నడుములకు శిక్ష తప్పదు. స్ప్రింగులను మెత్తగానే ఉంచి, మలుపుల భారాన్ని కడ్డీకి అప్పగిస్తే సుఖమూ అదుపూ రెండూ దక్కుతాయి.

బరువు ఎటు పోతుంది

మందమైన కడ్డీ వేస్తే మలుపులో బయటి చక్రాలపైకి బరువు వెళ్లడం ఆగిపోతుందన్నది చాలామందికి ఉన్న అపోహ. అది నిజం కాదు. బయటికి మళ్లే బరువు కారు బరువు, గరిమనాభి ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం, మలుపు తీవ్రతలను బట్టి నిర్ణయమవుతుంది. ఉదాహరణకు 1,000 కిలోల కారు, భూమికి అర మీటరు ఎత్తున గరిమనాభి, చక్రాల మధ్య ఒకటిన్నర మీటర్ల దూరం అనుకుందాం. గురుత్వ త్వరణంలో 60 శాతానికి సమానమైన తీవ్రతతో మలుపు తిరిగితే 200 కిలోల భారం లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారుతుంది. అంతవరకు చెరి 500 కిలోలు మోసిన రెండు పక్కల్లో బయటి పక్క 700, లోపలి పక్క 300 కిలోలు మోస్తాయి. కడ్డీని మార్చినా ఈ 200 కిలోల లెక్క దాదాపుగా మారదు.

మరి కడ్డీ మార్చేదేమిటి? ఆ 200 కిలోల్లో ముందు జత చక్రాల వాటా ఎంత, వెనుక జత వాటా ఎంత అన్నదాన్ని. ముందు కడ్డీ గట్టిదైతే ముందు జత ఎక్కువ వాటా మోస్తుంది. వెనుక కడ్డీ గట్టిదైతే వెనుక జతకు ఆ వాటా చేరుతుంది. కారు నడవడికలో ఈ పంపకమే కీలకం.

టైరు పట్టు దానిపై పడే భారంతో పాటు పెరుగుతుంది. కానీ అదే దామాషాలో పెరగదు. భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువగానే ఉంటుంది. అందువల్ల ఒక జత టైర్లపై భారం సమానంగా ఉన్నప్పుడు దొరికే మొత్తం పట్టు, ఒకదానిపై ఎక్కువ, మరోదానిపై తక్కువ ఉన్నప్పుడు దొరకదు. ఏ జత ఎక్కువ భారం మార్పిడి మోస్తుందో ఆ జత ముందుగా పట్టు కోల్పోతుంది.

ముందు జత ముందుగా జారితే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు బయటికే సాగుతుంది. దీనిని అండర్‌స్టీర్ అంటారు. వెనుక జత ముందుగా జారితే తోక విసిరినట్టు వెనుక భాగం బయటికి తిరుగుతుంది. ఇది ఓవర్‌స్టీర్. సాధారణ డ్రైవరు అండర్‌స్టీర్‌ను సహజంగానే సర్దుకోగలడు. భయంతో కాలు యాక్సిలరేటర్ మీది నుంచి తీస్తే చాలు, చాలా సందర్భాల్లో కారు దారికి వస్తుంది. ఓవర్‌స్టీర్‌లో అదే పని పరిస్థితిని మరింత విషమం చేస్తుంది. అందుకే కంపెనీలు రోడ్డు కార్లను కొద్దిపాటి అండర్‌స్టీర్ వైపు మొగ్గేలా తీర్చిదిద్దుతాయి. మార్కెట్లో కొన్న గట్టి వెనుక కడ్డీ కంపెనీ పెట్టిన ఈ రక్షణ గీతను చెరిపివేయగలదు. ఈ మార్పిడిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఒక్క మిల్లీమీటరు విలువ

కడ్డీ వ్యాసంలో స్వల్ప తేడా కూడా బలంలో పెద్ద తేడా తెస్తుంది. మెలికను ఎదిరించే శక్తి వ్యాసం నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరగడమే కారణం. 24 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో 25 మిల్లీమీటర్లది వేస్తే పెరిగేది ఒక్క మిల్లీమీటరే. బలం మాత్రం సుమారు 18 శాతం పెరుగుతుంది. 22 నుంచి 25 మిల్లీమీటర్లకు వెళితే పెరుగుదల సుమారు 67 శాతం. చేతితో పట్టుకుని చూస్తే తేడా తెలియని రెండు కడ్డీలు రోడ్డుపై రెండు వేర్వేరు కార్లను తయారు చేస్తాయి.

బోలు కడ్డీల రహస్యమూ ఇదే. మెలిక ఒత్తిడిని ప్రధానంగా మోసేది కడ్డీ పైపొర. మధ్యలోని ఉక్కు చేసే పని స్వల్పం. 25 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 3 మిల్లీమీటర్ల గోడ మందం గల బోలు గొట్టం అదే వ్యాసమున్న నిండు కడ్డీ బలంలో మూడింట రెండు వంతులు ఇస్తుంది. దాని బరువు నిండు కడ్డీలో 42 శాతమే. కాబట్టి బోలు కడ్డీని నిండు కడ్డీతో వ్యాసం ఒక్కటే చూసి పోల్చడం తప్పు. గోడ మందం కూడా తెలియాలి.

చేతి పొడవు మూడో అంశం. విడిగా దొరికే చాలా కడ్డీలకు చేతుల చివర రెండు లేదా మూడు రంధ్రాలుంటాయి. లింక్ రాడ్‌ను చివరి రంధ్రంలో బిగిస్తే చేయి పొడవై కడ్డీ మెత్తగా, లోపలి రంధ్రంలో బిగిస్తే చేయి పొట్టిదై గట్టిగా పనిచేస్తుంది. చేయి పొడవు 200 నుంచి 180 మిల్లీమీటర్లకు తగ్గితే లింక్ వద్ద గట్టిదనం సుమారు 23 శాతం పెరుగుతుంది.

వందేళ్ల చరిత్ర

ఈ సాధనంపై తొలి పేటెంటు 1919 ఏప్రిల్ 22న కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రం, ఫ్రెడరిక్టన్ నగరానికి చెందిన స్టీఫెన్ కోల్‌మన్‌కు లభించింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్ల స్ప్రింగులు చాలా గట్టివి కావడంతో దీని అవసరం అంతగా కనిపించలేదు. 1950ల నుంచి మెత్తని సస్పెన్షన్‌తో పాటు యాంటీ రోల్ బార్ వాడకమూ విస్తరించింది.

ఈ కడ్డీ లేకపోవడం ఒక దేశంలో పెద్ద వివాదానికి దారితీసిన సందర్భమూ ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1960 మోడల్‌గా షెవ్రొలే కార్వెయిర్ కారును విడుదల చేసింది. ఇంజను వెనుక ఉన్న ఆ కారుకు ముందు యాంటీ రోల్ బార్‌ను ఖర్చు తగ్గించేందుకు వదిలేశారు. మలుపుల్లో వెనుక భాగం అదుపు తప్పుతోందని ఫిర్యాదులు, వ్యాజ్యాలు వచ్చాయి. 1964 మోడల్‌లో ముందు కడ్డీని ప్రామాణికంగా చేర్చారు. 1965లో రాల్ఫ్ నాడర్ రాసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ పుస్తకం తొలి అధ్యాయంలోనే ఈ కారును విమర్శించింది. మరుసటి ఏడాది అమెరికాలో జాతీయ వాహన భద్రతా చట్టం వచ్చింది. సమకాలీన కార్లతో పోలిస్తే కార్వెయిర్ ఎక్కువ ప్రమాదకరమైనది కాదని 1972లో ఆ దేశ ప్రభుత్వ పరిశీలన తేల్చినా, డిజైనులో ఆదా చేసిన ఒక్క కడ్డీ ఎంత దూరం వెళ్తుందో పరిశ్రమకు అప్పటికే అర్థమైంది.

తర్వాతి కాలంలో కడ్డీకి తెలివితేటలు తోడయ్యాయి. 2001లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్ కారులో హైడ్రాలిక్ మోటారుతో అవసరమైనప్పుడే గట్టిపడే కడ్డీలను అందించింది. నేరుగా వెళ్లేటప్పుడు మెత్తగా, మలుపులో గట్టిగా ఉండే ఈ విధానం ఇప్పుడు విద్యుత్ మోటార్లతోనూ ఖరీదైన కార్లలో వస్తోంది.

ఖరగ్‌పూర్ పట్టాలపై అదే సూత్రం

ఖరగ్‌పూర్ పట్టణాన్ని పెంచింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1904లో ఏర్పడిన ఇక్కడి వర్క్‌షాప్ నేడు ఆగ్నేయ రైల్వే పరిధిలో ఉంది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరొందిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఈ స్టేషన్‌దే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి స్టేషన్లు ఆ స్థానాన్ని అందుకున్నాయి. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్‌లోని తెలుగు జనాభాయే ప్రధాన కారణం.

ఈ స్టేషన్ మీదుగా సాగే ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చాలావాటికి ఇప్పుడు ఎల్‌హెచ్‌బీ పెట్టెలున్నాయి. జర్మనీకి చెందిన లింకె హాఫ్‌మన్ బుష్ సంస్థ పరిజ్ఞానంతో భారత్‌కు వచ్చిన ఈ పెట్టెలను తొలుత పంజాబ్‌లోని కపుర్తలా రైల్ కోచ్ ఫ్యాక్టరీలో తయారు చేశారు. వీటి కింద ఉండే ఫియట్ డిజైన్ బోగీలో యాంటీ రోల్ బార్ ఒక ముఖ్య భాగం. గంటకు 160 కిలోమీటర్ల వేగానికి రూపొందిన పెట్టెలో ప్రయాణం సుఖంగా ఉండాలంటే స్ప్రింగులు మెత్తగా ఉండాలి. మెత్తని స్ప్రింగులపై పెట్టె వంపులో ఎక్కువగా ఒరిగితే ప్రయాణికుడికి అసౌకర్యం మాత్రమే కాదు, పట్టాల పక్కనున్న కట్టడాలకు పెట్టె నిర్ణీత దూరం పాటించడమూ కష్టమవుతుంది. బోగీకి అడ్డంగా అమర్చిన కడ్డీ, దాని చివరల లింకులు ఆ ఒరుగుదలను హద్దులో ఉంచుతాయి.

రైలు పెట్టెకు, కారుకు ఇక్కడ ముఖ్యమైన తేడా ఒకటుంది. పెట్టె కడ్డీ కొలతను ఎవరూ తమ అభిరుచి మేరకు మార్చరు. నిర్ణీత గడువులో తనిఖీ, అరిగిన భాగం మార్పిడి, లిఖిత ప్రమాణం ప్రకారం బిగింపు అన్నవి తప్పనిసరి. కారు యజమాని రైల్వే వర్క్‌షాప్ నుంచి నేర్చుకోదగిన క్రమశిక్షణ ఇదే.

విద్యార్థుల చేతిలో రేసు కారు

1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీలో ‘టీమ్‌కార్ట్’ అనే విద్యార్థి బృందం ఉంది. ఫార్ములా స్టూడెంట్ పోటీల కోసం ఒంటి సీటు రేసు కార్లను రూపొందించడం ఈ బృందం పని. 1981లో అమెరికాలో మొదలైన ఫార్ములా ఎస్‌ఏఈ పోటీ ఈ వరుసకు మూలం. మలుపులో కారు పట్టును కొలిచేందుకు ఈ పోటీల్లో స్కిడ్‌ప్యాడ్ పరీక్ష ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారంలో పక్కపక్కన గీసిన రెండు వలయాల్లో కారు తిరగాలి. లోపలి వలయం వ్యాసం 15.25 మీటర్లు, వెలుపలి వలయం వ్యాసం 21.25 మీటర్లు. మధ్యలో మిగిలే దారి వెడల్పు 3 మీటర్లే.

ఇంత ఇరుకైన దారిలో కారు ముందు జారుతోందా, వెనుక జారుతోందా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఇటువంటి పోటీ కార్లలో మార్చుకోదగిన యాంటీ రోల్ బార్ ఉంటే స్ప్రింగులను కదపకుండానే ముందు, వెనుక సమతూకాన్ని నిమిషాల్లో సర్దుకోవచ్చు. ముందుగా లెక్క వేసి, ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలితాన్ని రాసుకోవడం ఈ పోటీల్లో విద్యార్థులు అలవరచుకునే పద్ధతి. రోడ్డు కారుకూ అదే పద్ధతి వర్తిస్తుంది.

అమర్చే క్రమం

కొనుగోలుకు ముందే కారులో ఉన్న భాగాలను పరిశీలించాలి. టైర్లు అరిగిపోయి, షాక్ అబ్జార్బర్లు నీరసించి, పాత బుష్‌లు చిట్లి ఉంటే కొత్త కడ్డీ ఆ లోపాలను కప్పిపుచ్చలేదు. కారు ప్రస్తుతం ముందు జారుతోందా, వెనుక జారుతోందా అన్న అంచనాకు వచ్చాకే ఏ కడ్డీ మార్చాలో నిర్ణయించాలి. ముందు చక్రాలతో నడిచే కార్లలో సాధారణంగా అండర్‌స్టీర్ ఎక్కువ కాబట్టి యజమానులు వెనుక కడ్డీ వైపు మొగ్గుతారు. వెనుక చక్రాలతో నడిచే కార్లలో వెనుక కడ్డీ మరీ గట్టిదైతే మలుపులో లోపలి చక్రం తేలిపోయి, ఇంజను శక్తి వృథాగా తిరుగుతుంది.

మొదటి మెట్టు భద్రత. కారును గట్టి, సమతల నేలపై నిలిపి, ఎత్తని చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. పనిచేసే ఇరుసు రెండు చక్రాలనూ ఒకే ఎత్తుకు లేపి, కంపెనీ సూచించిన చోట్ల స్టాండ్లు నిలపాలి. ఒక పక్కనే ఎత్తితే కడ్డీ మెలిపడి ఉంటుంది. ఆ స్థితిలో లింక్ బోల్టు విప్పితే కడ్డీ చివర ఒక్కసారిగా విదిలించుకుని చేతికి గాయం చేయవచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే.

రెండో మెట్టు పాత కడ్డీ తొలగింపు. లింక్ రాడ్ల నట్లు వానకు, బురదకు తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజే తుప్పు వదిలించే నూనె పోస్తే పని సులువవుతుంది. నట్టు తిప్పేటప్పుడు లోపలి గుండు కీలు కూడా తిరిగిపోతుంది కాబట్టి దాన్ని అలెన్ కీతో గానీ, సన్నని స్పానర్‌తో గానీ పట్టుకోవాలి. లింకులు విడిన తర్వాత బుష్ పట్టీల బోల్టులు విప్పి కడ్డీని పక్కకు లాగాలి. కొన్ని కార్లలో ముందు కడ్డీ బయటికి రావాలంటే సబ్‌ఫ్రేమ్‌ను కొంత కిందికి దించక తప్పదు. అది స్టీరింగ్‌తో ముడిపడిన పని. సరైన లిఫ్టు, అనుభవజ్ఞుడైన మెకానిక్ లేకుండా దానికి పూనుకోరాదు.

మూడో మెట్టు కొత్త కడ్డీ అమరిక. పాత, కొత్త కడ్డీలను నేలపై పక్కపక్కన పెట్టి వంపులు, చేతుల పొడవు, పై కింది దిశలు సరిచూడాలి. కొత్త బుష్‌లు పాలీయూరిథేన్‌వి అయితే వాటితో ఇచ్చిన గ్రీజును లోపలి వైపు పూర్తిగా పట్టించాలి. అది లేకపోతే గుంతల్లో కీచుమని చప్పుడు మొదలవుతుంది. రబ్బరు బుష్‌లకు మామూలు పెట్రోలియం గ్రీజు రాస్తే అవి ఉబ్బి పాడవుతాయి. కడ్డీని పట్టీల్లో ఉంచి బోల్టులను మొదట చేతితోనే వదులుగా పట్టించాలి. కడ్డీ పక్కకు జరగకుండా ఆపే కాలర్లు రెండు వైపులా బుష్‌లకు ఆనుకుని ఉండాలి.

నాలుగో మెట్టు లింకులు. రెండు పక్కలా ఒకే వరుస రంధ్రాన్ని వాడాలి. మొదటిసారి అన్నిటికంటే మెత్తని అమరికతో, అంటే చివరి రంధ్రంతో మొదలుపెట్టడం క్షేమం. కారు నాలుగు చక్రాలపై సమంగా నిలిచినప్పుడు కడ్డీలో ఎలాంటి మెలికా ఉండకూడదు. లింక్ బోల్టు బలవంతం లేకుండా రంధ్రంలో దూరితే అమరిక సరైనట్టు. దూరకపోతే పొడవు మార్చుకోదగిన లింకును తిప్పి సర్దాలి. ఈ మెలికను వదిలేస్తే కారు కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో మరోలా ప్రవర్తిస్తుంది.

అయిదో మెట్టు చివరి బిగింపు. కారు బరువు చక్రాలపై ఉన్న స్థితిలో, టార్క్ రెంచ్‌తో, తయారీదారు పుస్తకంలోని అంకె ప్రకారమే బోల్టులు బిగించాలి. నైలాన్ పొర ఉన్న నట్లను రెండోసారి వాడకుండా కొత్తవి వేయాలి. తర్వాత స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి కడ్డీ, లింకులు ఎక్కడా బ్రేకు గొట్టానికి, యాక్సిల్‌కు, సైలెన్సర్ పైపుకు, టైరుకు తగలడం లేదని నిర్ధారించుకోవాలి. బ్రేకు గొట్టం ఒరుసుకుంటే ఆ సంగతి బయటపడేది బ్రేకు అందని రోజునే.

అమర్చిన తర్వాత

తొలి ప్రయాణం ఖాళీ స్థలంలో, తక్కువ వేగంతో సాగాలి. టకటక చప్పుడు వస్తే లింక్ వదులుగా ఉందని, కీచు శబ్దం వస్తే బుష్‌కు గ్రీజు చాలలేదని సాధారణంగా అర్థం. తొలి వంద కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టు బిగింపునూ మళ్లీ సరిచూడాలి. సబ్‌ఫ్రేమ్ కదిలించి ఉంటే చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. గట్టి కడ్డీ తన బలమంతా చట్రానికి బిగించిన పట్టీలపైనే చూపుతుంది. పలుచని రేకు పట్టీలు కొంతకాలానికి చిరిగిపోవచ్చు. ప్రతి సర్వీసులో వాటి వద్ద పగుళ్లు చూడాలి. కడ్డీపై లోతైన గీత పడినా, తుప్పు గుంట ఏర్పడినా అక్కడి నుంచే ఉక్కు అలసి విరుగుతుంది. పైపొరే ఒత్తిడి మోస్తుంది కాబట్టి రంగు పూత అలంకారం మాత్రమే కాదు, రక్షణ కూడా.

మన రోడ్లపై కొత్త చిక్కులు

యాంటీ రోల్ బార్ ఎడమ, కుడి చక్రాలను ముడిపెడుతుంది. ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపులో కొంత భాగం రెండో చక్రానికీ చేరుతుంది. కడ్డీ ఎంత గట్టిదైతే కారు అంతగా పక్కలకు ఊగుతుంది. నున్నని రేసు ట్రాకుపై ఇది సమస్య కాదు. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఎర్రమట్టి దారుల్లో, వర్షాకాలం గుంతలు పడిన రోడ్లలో ఒక చక్రం నేలను వదిలేసే స్థితి రావచ్చు. కొండదారుల్లో తిరిగే కొన్ని జీపు తరహా వాహనాలకు కడ్డీని తాత్కాలికంగా విడదీసే ఏర్పాటు ఉండటానికి కారణం ఇదే.

వాన మరో పరీక్ష. పొడి రోడ్డుపై హాయిగా తిరిగిన కారు తడి రోడ్డుపై అదే అమరికతో వెనుక జారవచ్చు. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలోనూ ఆ వ్యవస్థ లెక్కలు కంపెనీ బిగించిన కడ్డీలను దృష్టిలో ఉంచుకుని చేసినవే. సమతూకం ఎక్కువగా మారితే ఆ సాయం ఆలస్యంగానో, అనవసరంగానో అందవచ్చు.

చట్టం చెప్పేది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట పేర్కొని, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని పునరుద్ఘాటించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, విడిభాగాల అమరిక సహా అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది.

రిజిస్ట్రేషన్ పత్రంలో యాంటీ రోల్ బార్ మందం రాసి ఉండదు. అంతమాత్రాన ఏ కడ్డీ అయినా వేసుకోవచ్చన్న ధీమా తగదు. ప్రాంతీయ రవాణా కార్యాలయాన్ని ముందుగా సంప్రదించడం, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయడం వివేకం. తెలియజేయని మార్పును కారణంగా చూపి ప్రమాదం తర్వాత బీమా సొమ్ముపై పేచీ వస్తే, కడ్డీ ధరకు ఎన్నో రెట్లు నష్టపోయేది యజమానే. తీసిన పాత కడ్డీని, బోల్టులను, కొనుగోలు రసీదును భద్రపరచుకోవడం మేలు.

ఎవరికి అవసరం

రోజూ ఆఫీసుకు, బడికి వెళ్లివచ్చే కారుకు కంపెనీ కడ్డీ చాలు. మలుపుల్లో కారు మునుపటి కంటే ఎక్కువగా ఊగుతోందనిపిస్తే ముందుగా అనుమానించవలసింది అరిగిన లింక్ రాడ్లను, బుష్‌లను. వాటిని మార్చితే కొత్త కడ్డీ ఖర్చులో చిన్న భాగంతోనే పాత పటుత్వం తిరిగి వస్తుంది. ఆ తర్వాత మంచి టైర్లు, మంచి షాక్ అబ్జార్బర్లు. ట్రాకుపై కారు నడిపే అభిరుచి ఉన్నవారికి, నడవడికలో తేడాను గుర్తించగల నేర్పు ఉన్నవారికి మాత్రమే గట్టి కడ్డీ నిజంగా ఉపయోగపడుతుంది.

కావడి మోసేవాడికి రెండు కుండల బరువు ఎంతన్నది ఒక లెక్క, భుజంపై బద్ద ఎక్కడ ఆనించాలన్నది మరో లెక్క. రెండో లెక్క తప్పితే కుండలు చిన్నవైనా నీళ్లు ఒలుకుతాయి. యాంటీ రోల్ బార్ సర్దేది ఆ రెండో లెక్కనే. ఖరగ్‌పూర్ మీదుగా సాగే రైలు పెట్టె అడుగున ఆ లెక్కను ఇంజనీర్లు ముందే కట్టి ఉంచారు. కారు అడుగున దాన్ని మార్చదలచిన యజమాని, ఆ బాధ్యత తనపైనే కాక ఎదురుగా వచ్చే ప్రతి వాహనంపైనా, రోడ్డు దాటే ప్రతి మనిషిపైనా ప్రభావం చూపుతుందని గుర్తుంచుకోవాలి.